విదేశీ చదువుల మేళాలో నా దుబాసీతనం

తొంభైల మొదట్లో కరీంనగర్‌లోని ఒక ఫంక్షన్ హాలులో విదేశీ చదువుల మేళా పెట్టారు. అప్పుడు నేను ప్రభుత్వ జూనియర్ కాలేజీలో ఇంగ్లిష్ చెప్పేదాన్ని. హైదరాబాద్ నుంచి వచ్చిన ఏజెంటు మా ప్రిన్సిపాల్‌ను పట్టుకుని, నన్ను ఒక్కరోజుకు దుబాసీగా పంపమని అడిగాడు. నేను కాదనలేదు. పరాయి దేశపు మనిషి పక్కన కుర్చీ వేసుకుని కూచోవడం నాకూ ముచ్చటగానే తోచింది. ఆ ముచ్చట తలుచుకుంటే ఇప్పటికీ నా మీద నాకే మంట.

హాల్లో మూడు యూనివర్సిటీల బల్లలు వేశారు. నన్ను కూచోబెట్టింది డాక్టరు చదువు చెప్పే ఒక చలిదేశపు యూనివర్సిటీ బల్ల దగ్గర. నున్నటి కాగితాల మీద మంచులో నవ్వుతున్న పిల్లల ఫొటోలు. అక్కడినుంచి వచ్చిన ప్రతినిధి పొడవాటి మనిషి. ఉక్కకు చొక్కా తడిసిపోయి ఉంది. మాటిమాటికీ చేతిరుమాలుతో చేతులు తుడుచుకుంటుంటే చెమటకేమో అనుకున్నాను. మావాళ్ళతో చేయి కలిపిన ప్రతిసారీ తుడుచుకుంటున్నాడని కాసేపటికి అర్థమైంది.

మొదట వచ్చింది సుల్తానాబాద్‌లో రైసుమిల్లు ఉన్న ఒకాయన, కూతురిని వెంటబెట్టుకుని. "గక్కడ సదివి వస్తె ఈడ దవాఖాన పెట్టుకోవచ్చునా?" అని అడిగాడు. నేను ఇంగ్లిష్‌లో చెప్పాను. "మీ దేశంలో మా పట్టా చెల్లుతుందో లేదో మాకు తెలియదు. అది మీ ప్రభుత్వాన్ని అడగాలి" అన్నాడు ప్రతినిధి. నేను నోరు తెరిచేలోపే ఏజెంటు ముందుకు వంగి, "పెట్టుకోవచ్చండీ, ప్రపంచంలో ఎక్కడైనా పెట్టుకోవచ్చు" అనేశాడు. తర్వాత నా చెవి దగ్గరకు వచ్చి, "మేడమ్, ఇలాంటివి నేను చూసుకుంటాను. మీరు ఫీజులు, హాస్టలు, భోజనం సంగతులు చెప్పండి చాలు" అన్నాడు.

నేను నోరు మూసుకున్నాను. మధ్యాహ్నం దాకా వచ్చిన ప్రతి కుటుంబం ముందూ అలాగే కూచున్నాను.

భోజనాల వేళ దాటాక గోదావరిఖని నుంచి ఒకాయన వచ్చాడు. బొగ్గుబాయి కార్మికుడు. షిఫ్టు దిగి నేరుగా బస్సెక్కినట్టున్నాడు, ఎంత కడుక్కున్నా పోని నలుపు కనురెప్పల అంచుల్లో కాటుకలా నిలిచి ఉంది. పక్కన కూతురు, సర్టిఫికెట్ల ఫైలు గుండెకు అదుముకుని. ఆయనా అదే ప్రశ్న వేశాడు. ప్రతినిధి అదే జవాబిచ్చాడు. ఏజెంటు అదే అబద్ధం చెప్పాడు.

ఆయన ఏజెంటును చూడలేదు. నా వైపు తిరిగాడు.

"గా దొర చెప్పింది ఇంత పొడుగున్నది. గీ సారు చెప్పింది గింతే ఉన్నది. మిగిలింది ఏడవాయె, మేడం?"

ఇక దాచలేకపోయాను. "ఆయనకు తెల్వదంటుండు. ఈడ చెల్లుతదో లేదో మన సర్కారునే అడగాల్నట" అన్నాను.

"మేడమ్‌కు సరిగ్గా అర్థం కాలేదు" అన్నాడు ఏజెంటు నవ్వుతూ.

"ఇంగ్లిష్ చెప్పుకుని బతికేదాన్ని. నాకు బాగానే అర్థమైంది."

బాయి కార్మికుడు కుర్చీ లాక్కుని కూచున్నాడు. "అట్లయితె గదే రాసియ్యమనుండ్రి. బాయిల పైకప్పు మంచిగున్నదని మా షిఫ్టు మీదుండే సర్దార్ చూసి సంతకం పెడితెనే మేం లోపలికి పోతం. నోటిమాట మీద పోయినోళ్ళు మల్ల పైకి రాలే."

ప్రతినిధికి చెప్పాను. అతను పెన్ను జేబులో పెట్టుకుని, "నేనేమీ రాయను. పక్కకు తప్పుకోమనండి" అన్నాడు. ఈయన కదల్లేదు. వెనక వరస పెరిగిపోయింది. మెట్‌పల్లి నుంచి వచ్చిన ఒక రైతు నా మీదికే లేచాడు. "నీకేం పోయింది మేడం? మా పిల్లలు డాక్టర్లయితె నీ కండ్లు మండుతున్నయా?"

ఏజెంటు ఆ అమ్మాయి చేతిలోని ఫైలు లాక్కుని, ఎంసెట్ ర్యాంకు అందరికీ వినబడేలా చదివాడు. "ఈ ర్యాంకుకు ఇక్కడ కాంపౌండరు పని కూడా ఇవ్వరు. విదేశం పంపిస్తామంటే కాగితం కావాలట!"

వరసలో కొందరు నవ్వారు. అమ్మాయి మొహం కందిపోయింది. "బాపూ, లే. పోదాం. ఇజ్జత్ పోతది" అంది.

తండ్రి లేవలేదు. ఏజెంటు చేతిలోంచి ఫైలు గుంజుకుని కూతురికిచ్చి, "గా ర్యాంకు నా బిడ్డ సదివి తెచ్చుకున్నది. నీ నోట్లె పెట్టుకోకు" అన్నాడు. మళ్ళీ ప్రతినిధి వైపు తిరిగి చేతులు కట్టుకుని కూచున్నాడు.

గంటకు పైగా అలాగే గడిచింది. చివరికి విసుగెత్తి ప్రతినిధి ఒక కాగితం మీద రెండు ముక్కలు గీకి, బల్ల మీదకు విసిరాడు. ఇతర దేశాల్లో తమ పట్టా చెల్లుబాటుకు యూనివర్సిటీ బాధ్యత వహించదని.

"సదువుండ్రి మేడం. ఎనకున్నోళ్ళకు ఇనవడాలె."

లేచి నిలబడి, తెలుగులో గట్టిగా చదివాను. కొందరు వరస విడిచి వెళ్ళిపోయారు. మెట్‌పల్లి రైతు మాత్రం "గట్లనే రాస్తరు, అంతట గట్లనే రాస్తరు" అంటూ ఖాళీ అయిన కుర్చీలో కూచున్నాడు. ఏజెంటు నన్ను బయటికి పొమ్మన్నాడు.

గేటు దగ్గర తండ్రీకూతుళ్ళు కనబడ్డారు. అమ్మాయి థ్యాంక్స్ చెబుతుందనుకున్నాను. ఆమె నన్ను ఎగాదిగా చూసింది.

"పొద్దుగాల నుంచి గా కుర్సీలనే ఉన్నరు కద మేడం. మా కన్న ముందుగాల వచ్చినోళ్ళకు ఎందుకు చెప్పలే? మా బాపు అడిగెదాంక ఎందుకు ఆగిన్రు?"

"ఊకో బిడ్డా" అన్నాడు తండ్రి. ఆమె మాట వెనక్కి తీసుకోలేదు. తర్వాత ఆమె గోదావరిఖనిలోనే డిగ్రీలో చేరిందని విన్నాను, అంతకు మించి తెలియదు.

మర్నాడు ప్రిన్సిపాల్ స్టాఫ్‌రూములో అందరి ముందూ నన్ను తిట్టాడు. "మన కాలేజీ పరువు తీసినవు" అన్నాడు. పడ్డాను. రెండేళ్ళకు సుల్తానాబాద్ రైసుమిల్లాయన కాలేజీకి వచ్చి తిట్టిన తిట్లే ఎక్కువ బాధించాయి. ఆ పట్టా ఇక్కడ చెల్లదని తెలిసి ఆయన కూతురు చదువు సగంలో వదిలేసి వచ్చిందట. "నువ్వు పక్కనే ఉన్నవు. ఇంగ్లిష్ తెలిసిన మనిషివి. నోరెందుకు మూసుకున్నవు?" అని వరండాలో నిలబెట్టి అడిగాడు.

ఆ ఏడాది మళ్ళీ మేళా పెట్టినప్పుడు దుబాసీగా వేరే లెక్చరర్‌ను పంపారు. నేను సెలవు పెట్టి, హాలు గేటు ముందు నిలబడి, లోపలికి పోయేవాళ్ళను ఆపి, ఆ పట్టా ఇక్కడ చెల్లదని చెప్పడం మొదలుపెట్టాను. ఏజెంటు చూసి వాచ్‌మన్‌ను ఉసిగొల్పాడు. "జర దూరం నిలవడుండ్రి మేడం, నా నౌకరీ పోతది" అని అతను బతిమాలాడు. రోడ్డు దాటి అవతలి పక్క సోడాబండి నీడలో నిలబడి చెప్పాను. కొందరు ఆగి విన్నారు. చాలామంది నాకు పిచ్చిపట్టిందన్నట్టు చూసి లోపలికి నడిచారు.