ఎడారిలో నేను పెట్టిన పేరు

మాది గాజువాక. స్టీలు ప్లాంటులో ఉద్యోగం దొరికి గోదావరి జిల్లా నుంచి వచ్చిన నాన్న ఇక్కడే స్థిరపడ్డారు. నా స్నేహితుడిది మా ఊరి పాతనగరంలోని ముస్లిం కుటుంబం. ఆటోనగర్‌లో బైకులు బాగుచేసే షెడ్డు నడుపుతాడు. బండి రిపేరు కోసం వెళ్ళి పరిచయమై, ఏళ్ళ తరబడి ఒకరినొకరం బావా అనే పిలుచుకుంటున్నాం.

రాజస్థాన్ ఎడారి దాకా బండ్ల మీద వెళ్దామన్నది నా సరదా. నన్ను అక్కడిదాకా చేర్చింది మాత్రం అతనే. నా హిందీ అంతంతమాత్రం కావడంతో పెట్రోలు బంకుల్లో, టీ కొట్ల దగ్గర అతనే మాట్లాడేవాడు. ఎక్కడా ఎవరూ అతన్ని ఒక్క మాట అనలేదు. భయమంతా నాలోనే ఉంది. పేరడిగి మరీ మనుషుల్ని కొట్టే వీడియోలు, ఫోన్లో చూసినవి, బుర్రలో తిరుగుతుండేవి. ఎవరైనా అతని పేరడిగితే నేనే తొందరపడి బండి స్టార్ట్ చేసేసేవాణ్ణి.

జైసల్మేర్ దాటాక గాలికి ఇసుక కొట్టుకొచ్చి రోడ్డు మీద మేట వేసింది. అందులో నా బండి జారింది. మోచెయ్యి గీరుకుపోయింది, హ్యాండిల్ వంకరపోయింది. దూరంగా మేకలు మేపుకుంటున్న ఒక ముసలాయన పరుగున వచ్చాడు. బండి లేపించి, దగ్గర్లోనే ఉన్న తన ఇంటికి తీసుకెళ్ళాడు. మట్టి గోడలు, పైన గడ్డి కప్పు. ఆయన భార్య నా చెయ్యి కడిగి, పసుపు అద్ది, పెద్ద గ్లాసుతో మజ్జిగ ఇచ్చింది. బావ బయట కూర్చుని హ్యాండిల్ సరిచేస్తున్నాడు.

"మీ పేర్లేమిటి బాబూ?" అని ముసలాయన అడిగాడు.

గోడకు దేవుడి పటాలున్నాయి. నా పేరు చెప్పాను. తర్వాత బయట ఉన్న బావ వైపు చెయ్యి చూపించి, అతని పేరని మా తమ్ముడి పేరు చెప్పేశాను. అంత చక్కటి హిందీ ఆ ప్రయాణంలో నా నోట రావడం అదే మొదలు.

బావ చేతులు కడుక్కుని లోపలికి వచ్చాడు. ముసలాయన ఆ పేరుతో పిలిచి, వచ్చి కూర్చోమన్నాడు. బావ ఒక్క క్షణం ఆగాడు. నా వంక చూశాడు. నేను మజ్జిగ గ్లాసులోకి చూస్తున్నాను. అతను వచ్చి నా పక్కన కూర్చున్నాడు. సజ్జ రొట్టెలు పెట్టారు. వాళ్ళు ఆ పేరుతో పిలుస్తూ మళ్ళీ మళ్ళీ కొసరి వడ్డిస్తుంటే అతను తలూపుతూ తిన్నాడు. నేను రొట్టె తుంచుతూ కూర్చున్నాను.

బయల్దేరబోతుంటే ఆ పెద్దామె అతని తల మీద చెయ్యి పెట్టింది. "చాలా దూరం పోవాలి కదా. మీరు ఇల్లు చేరేదాకా మా దేవుడి దగ్గర నీ పేరున దీపం పెడతాను" అంటూ మా తమ్ముడి పేరు పలికింది.

బావ ఆమె చెయ్యి పట్టుకున్నాడు. "అమ్మా, నా పేరు అది కాదు" అని తన అసలు పేరు చెప్పాడు.

నేను బండి తాళం చేతిలోకి తీసుకున్నాను. ఆమె మాత్రం ఆ పేరును రెండుసార్లు నెమ్మదిగా పలికి చూసుకుంది, దేవుడి ముందు తప్పు పోకూడదన్నట్టు. "సరే, ఈ పేరునే పెడతాను" అంది.

ముసలాయన నా వైపు తిరిగాడు. "మరి నువ్వు వేరే పేరు చెప్పావే?"

బావే అందుకున్నాడు. "అతనికి హిందీ సరిగా రాదు బాబా. మీరు వాళ్ళ తమ్ముడి పేరు అడిగారనుకున్నాడు."

ముసలాయన నవ్వేశాడు. ఆ నవ్వు ముందు నేనూ నవ్వాల్సి వచ్చింది.

చాలా దూరం పోయాక ఒక టీ కొట్టు దగ్గర బండ్లు ఆపాం. "నీకేటైనా అవుద్దేమోనని భయమేసింది బావా" అన్నాను.

"నన్ను అడిగితే నానే సెప్పుకుందును కదా. ఆళ్ళు తిట్టినా, పొమ్మన్నా నాను పడుదును. ఆ ముసలోళ్ళు ఎలాంటోళ్ళో సూడకుండానే నువ్వు తీర్పు సెప్పేసేవు. నన్ను దాసేసేవు" అన్నాడు. గొంతు పెంచలేదు. టీ తాగేసి హెల్మెట్ పెట్టుకున్నాడు.

ఇంటికొచ్చాక అమ్మకు జరిగినదంతా చెప్పాను. తిడుతుందనుకున్నాను, తిట్టించుకోవాలనే చెప్పాను. అమ్మ నా మోచెయ్యి తడుముతూ, "మంచి పనే చేశావురా. ఊరుకాని ఊరు, ఎవరెలాంటి వాళ్ళో" అంది. బావ మాటల కన్నా ఆ మెచ్చుకోలే నన్ను ఎక్కువ కుంగదీసింది. ఆ భయం నాకు ఎడారిలో పుట్టింది కాదని, మా ఇంట్లో అన్నంతో పాటు తిని పెరిగినదేనని అప్పుడు తెలిసింది.

మర్నాడు ఆటోనగర్ వెళ్ళాను. షెడ్డులో ఎవరో బాగుచేసిన బండి తీసుకుంటుంటే, వాళ్ళు వెళ్ళేదాకా నిలబడ్డాను. "తప్పు నాది బావా, సారీ" అన్నాను.

అతను చేతులకంటిన గ్రీజు గుడ్డకు తుడుచుకున్నాడు. "నువ్వు సారీ సెప్తే నాను పర్లేదనాల. అది అనడానికి నాకు టైం పడతాది. అందాకా అడక్కు."

ఇప్పటికీ నా బండి అతనే చూస్తాడు. బావా అనే పిలుస్తాడు. నేను అడగలేదు. అతను ఇంకా ఆ మాట అనలేదు.