గీతల మధ్య ఉల్లిగడ్డలు

మా డ్రిల్లు సారు పోయారని ఎమ్మిగనూరు నుంచి చెల్లెలు ఫోన్ చేసింది. ఆదోనిలో పొయ్యి ఆపేసి, కట్టుకున్న చీరతోనే బస్టాండుకు పరుగెత్తాను. బస్సులో సీటు దొరికినా కూర్చోబుద్ధి కాలేదు. ఏడుపు కంటే కోపమే ఎక్కువగా వచ్చింది. ఆయన మంచం పట్టగానే, అదను చూసుకొని, ఆయన మమ్మల్ని ఆడించిన మైదానం గేటుకు తాళం వేసినవాళ్ల మీద కోపం. అక్కడ దుకాణాలు కడతారట. ఎవరిని అడిగినా ఆర్డరు పైనుంచి వచ్చింది అంటారు. ఆ పైన ఎవరున్నారో ఒక్కరూ చెప్పరు.

మావన్నీ మగ్గాల ఇళ్లు. బడి అయ్యాక ఆడపిల్లలం కండెలకు నూలు చుట్టాలి. సారు సైకిల్ దిగి వాకిట్లోనే నిలబడేవారు. "పాపను ఒక గంట ఇడుసప్పా. నువ్వెట్లా మగ్గం గుంతలోనే కూసుంటివి, ఆయమ్మనన్నా ఎగరనీ," అనేవారు. మా నాయన నవ్వీ నవ్వనట్టు తలూపేవాడు. కబడ్డీలో ఓడి ఏడిస్తే సారు దగ్గర ఓదార్పేమీ ఉండేది కాదు. "ఏడ్సు. ఏడ్సినంక నీళ్లు తాగి రా," అనేవారు. ఇప్పటికీ ఇంట్లో గొడవైతే నేను చేసేది అదే.

కరోనా కాలంలో కూరగాయల మార్కెట్టును మైదానంలోకి మార్చారు. మనుషులు ఎడంగా నిలబడాలని సున్నంతో గళ్లు గీశారు. రోగం తగ్గింది కానీ మార్కెట్టు కదల్లేదు. అప్పటికే రిటైరైన సారు ఒకరోజు తెల్లవారుజామున వెళ్లి, ముగ్గుపిండితో కబడ్డీ కోర్టు గీశారు. పిల్లల్ని వెంటబెట్టుకొని తిరిగి వచ్చేసరికి ఆ గీతల మధ్య ఉల్లిగడ్డల కుప్పలు, పత్తికొండ టమాటాల బుట్టలు వరుసగా తీరి ఉన్నాయి. అమ్మేవాళ్లు అవి తమ కోసమే గీశారనుకున్నారు. ఉల్లిగడ్డల అవ్వ ఒకామె సారునే పిలిచి, "ఈ నడిమి గీత ఎందుకు సామీ, అడ్డమొస్తాంది," అని అడిగింది. "ముందు ఒక కిలో తూకమెయ్యి, సెప్తా," అని ఆయన అక్కడే గొంతుక్కూర్చున్నారు. లేచేసరికి ఒప్పందం కుదిరింది. పొద్దున వాళ్లది, సాయంత్రం పిల్లలది. నలిగిన టమాటాలు ఊడ్చే పని మాత్రం సారుకే మిగిలింది.

అంతకంటే పెద్ద చిక్కు వేరే ఉంది. పిల్లలు ఒకరినొకరు తాకడానికే జంకేవారు. వేలికొసలతో అంటుకొని చేయి వెనక్కి లాక్కునేవారు. తల్లులు పక్కనుంచి "మీద పడొద్దు" అని అరిచేవారు. పుట్టింటికి వచ్చినప్పుడు అది చూసి నాకు విసుగొచ్చింది. "ఇదేం కబడ్డీ సార్?" అన్నాను.

"ముట్టుకోవద్దని మనమే నేర్పిస్తిమి. మల్లా ముట్టుకునేది గూడా మనమే నేర్పియ్యల్ల గదమ్మా," అన్నారు.

రోజూ ఆటకు ముందు అందరి చేతులూ కలిపి గొలుసుగా నిలబెట్టేవారు. నెలలు పట్టింది. దానికి కాస్త ఖాళీ నేల కావాలని, ఆ నేలకు అద్దె రాకపోయినా అది వృథా కాదని ఇప్పుడు ఎవరికి చెప్పాలి?

పాడెను దారిలో దించి చెవిలో పిలిచే దింపుడు కళ్లం మైదానంలోనే జరగాలన్నాడు సారు కొడుకు. గేటు దగ్గర వాచ్‌మన్ తాళంచెవి కోసం జేబులు తడుముకున్నాడు. చివరికి తాళం తీశాడు. కొడుకు మూడుసార్లు "నాయనా" అని పిలిచాడు. ఇలాంటివి నేను నమ్మను. అయినా ఆయన ఛాతీ వైపే చూస్తూ నిలబడ్డాను. తర్వాత కబడ్డీ జట్టులోని చిన్నపిల్ల ఒకతి వంగి, "సార్, ఆటకు టైమయింది," అంది.

ఆయన కదల్లేదు. పాడె లేచింది, మగవాళ్లు దాని వెంట వెళ్లారు. ఆడపిల్లలు మాత్రం బయటికి రాలేదు. రోజూ ఆటకు ముందు చేసినట్టే చెప్పులు విప్పి ఓ మూలన పెట్టారు.

"రాండమ్మా, గేటెయ్యల్ల," అన్నాడు వాచ్‌మన్.

నేనూ చెప్పులు విప్పాను. అతను తాళంకప్ప చేతిలో పట్టుకొని, పాడె వెళ్లిన దారిని ఒకసారి, మమ్మల్ని ఒకసారి చూస్తూ గేటు దగ్గరే నిలబడిపోయాడు.