గ్రంథాలయంలో వదులైన అతుకు

ఇరవై ఏళ్లుగా ఆ అలారం మెకానిక్ తీగలు మెలితిప్పి, టేపు చుట్టి వదిలేస్తూ వచ్చాడు. గ్రంథాలయంలో అలారం ఊరికే మోగుతోందంటే, కాపలా ఆవిడకు మీటలు నొక్కడం చేతకాదని అధికారికి చెప్పాడు. ఆవిడ నలుగురిలో చీవాట్లు తింది.

మళ్లీ మోగితే సీలింగు పలక తీసి చూశాడు. టేపు జిగురు ఎండి ఊడిపోయింది. తను వేసిన అతుకే నల్లబడి వదులైంది. అతనికి తల కొట్టేసినట్టయింది. తీగలు గీకి, తగరం కరిగించి సోల్డరింగ్ చేసి, పైన ప్లాస్టిక్ గొట్టం తొడిగి నిచ్చెన దిగాడు.

"తప్పు నీది కాదక్కా, ఆ అతుకుది," అన్నాడు.

"అతుకు తనంతట తనే పడిందా తమ్ముడూ?" అంది ఆవిడ. "నాకెందుకు, పైగదిలో అధికారికి చెప్పు."

తల వంచుకుని మెట్లెక్కి, తప్పు తనదేనని అధికారికి చెప్పాడు. ఆ వారమే తన పాత అతుకులన్నీ విప్పి సోల్డరింగ్ చేయడం మొదలుపెట్టాడు. ఆవిడ ముఖం మాత్రం చాలాకాలం నేరుగా చూడలేకపోయాడు.