భోజ్యా తిప్పిన ముగ్గు పీపా

భోజ్యా గొంతు పెంచకుండానే జగడం గెలిచిన రోజున ఓదెమ్మ ముగ్గు తట్ట నెత్తిన పెట్టుకుని నిలబడి మరీ చూసింది. పాత సామాన్ల దుకాణపాయన, "చుక్క కారదు, కొత్త పీపా లెక్కనే" అని పట్టిన పట్టు విడవడం లేదు. భోజ్యా ఆ నీలం ప్లాస్టిక్ పీపాలో బిందెడు నీళ్ళు పోసి, తీసుకెళ్ళి ఆయన గద్దె మీదే పెట్టాడు. కూర్చున్న చోటే ఆయన ధోవతి తడిసింది.

"తీస్కపో నాయినా! నువ్విచ్చిందే ఇయ్యి!" అని, ఆ కోపం ఓదెమ్మ మీదికి తిప్పాడు. "నీకేం నవ్వు ముసల్దానా?"

"నేనెందుకు నవ్వుత? చుక్క కారదంటివి గద. నిజమే, చుక్క కాదు, వాగే కారవట్టె."

మానుకోట స్టేషన్ రోడ్డులో సైకిళ్ళకు పంక్చర్లు వేసే భోజ్యాకు ఆ చిల్లి ఒక లెక్క కాదు. ట్యూబు ముక్క అంటించి మూసేశాడు. ఆ పీపా ఓదెమ్మ కోసమే. అతని దుకాణం వెనకే ఆమె ఇల్లు. పొద్దంతా రోకటి పోటు, దగ్గు, మళ్ళీ రోకటి పోటు, దగ్గు. ముగ్గురాయి దంచీ దంచీ ఆమె మొగుడు పోశయ్య ఆ దగ్గుతోనే పోయాడు. ఇంకో ఏడాది ఆ దుమ్ము మింగితే నీదీ అదే దారి అని దవాఖానలో ఆమెకూ చెప్పారు. దంచడం మానితే పొయ్యి వెలగదు.

మూత బిగించిన పీపాను అడ్డంగా పడుకోబెట్టి తిప్పితే, లోపల వేసిన గట్టి గుండ్లే మీద పడి ముగ్గురాయిని పిండి చేస్తాయి, దుమ్ము బయటికి రాదు. భోజ్యా ఆలోచన అది. మొదట బేరింగుల్లోని ఇనుప గుండ్లు తెచ్చాడు.

"ఇనుము రాస్తె ముగ్గు నల్లవడ్తది. వాకిట్ల బూడిద పోసుకొమ్మంటవా జనాన్ని?" అంది ఓదెమ్మ. గార్ల వాగుకు పోయి తెల్ల పలుగురాళ్ళు ఏరుకొచ్చాడు పాపం.

పాత కూలర్ మోటారు పెట్టి పొద్దంతా తిప్పితే రాయి రాయిలాగే ఉంది. వేగం చాలలేదనుకుని ఇంకా పెంచాడు. ఓదెమ్మ చెవి పీపాకు ఆనించింది.

"లోపల రాళ్ళు పడుతున్న చప్పుడే లేదు కదరా!"

"మోటరు మోతల నీకేం ఇనవడ్తదవ్వా?"

"నలభై ఏండ్లు దంచిన. పోటు పడ్డదో లేదో నాకు ఎరుకలేదా?"

అంతలో సకల జనుల సమ్మె వచ్చింది. బొగ్గు బావులు ఆగాయి, బస్సులు ఆగాయి, కరెంటు ఇష్టమైనప్పుడే వచ్చేది. ఓదెమ్మ మళ్ళీ రోకలి అందుకుంది. ఆ దగ్గు వినలేక భోజ్యా ఒక సైకిల్‌ను స్టాండు మీద నిలిపి, వెనక చక్రానికి పీపాను తిప్పే బెల్టు తగిలించి తొక్కడం మొదలుపెట్టాడు. కాలితో ఎంత తొక్కితే అంత, మెల్లగా తిరిగింది. దడదడా, దడదడా.

ఓదెమ్మ రోకలి కింద పడేసి వచ్చింది. "గిదే! గిదే చప్పుడు! జర ఉరికినవంటే మళ్ళ మూగవోతది, గిట్లనే తొక్కు!"

భోజ్యా తల కొట్టుకున్నాడు. నిండు చెంబును చేత్తో గిరగిరా తిప్పితే తలకిందులైనా నీళ్ళు పడవు. మోటారు వేగానికి రాళ్ళూ అట్లాగే గోడకు అంటుకుపోయాయి!

సాయంత్రం ఓదెమ్మ మూత తీయబోతే భోజ్యా చెయ్యి పట్టుకుని ఆపాడు. లోపలి దుమ్ము అణిగాకే తీశారు. పాలలాంటి పిండి. ధర్నా టెంటు ముందు ముగ్గేయడానికి ఆడవాళ్ళు అందులోంచే తలా ఇంత పట్టుకుపోయారు. ఆ వారంలో ఓదెమ్మకు రెండు రాత్రులు తెల్లార్లూ నిద్ర పట్టింది. రోకలిని దండెం కర్రగా కట్టింది.

భోజ్యా వచ్చి గడపలో కూర్చున్నాడు.

"అవ్వా, గార్ల కాడ మా చిన్నమ్మ సుత గిదే పని, గిదే దగ్గు. ఆమెకు సుత ఒకటి చేస్త. చేతులున్నయి గని నాకు నీ చెవి లేదు. బస్సులు నడిచినంక నా ఎంబడి రావాలె. పీపా పక్కపొంటి కూసోని, ఎంత మెల్లగ తొక్కాల్నో ఆమెకు నువ్వే చెప్పాలె."