చావు తెలియని నల్లగడ్డ

పంజగుట్టలో ఒక సందు చివర, మూడో అంతస్తులోని ప్రయోగశాలలో స్వరాజ్యం కుండీల బాగోగులు చూసేది. రైతు ఇంట పుట్టిన మనిషి. భర్త పోయాక బల్కంపేటలో ఒక గది అద్దెకు తీసుకొని, ఊడ్చే పనిలో చేరి, మొక్కల పనికి ఎదిగింది. కొండ ఊళ్ల నుంచి పాతకాలపు ఆలుగడ్డలు అక్కడికి వచ్చేవి. ఆమె వాటిని నాటి మొలిపించేది. ఆకు కోసే ముందు, అందులో పిండి తగ్గడానికి, మొక్కను చీకటి గదిలో ఉంచాలి. ఆ లేత ఆకుల నుంచి సుష్మిత అనే పరిశోధకురాలు జన్యుక్రమం చదివించేది.

రైతు నాటే తీరులో ఆలుగడ్డకు సంతానం లేదు, కొనసాగింపే ఉంది. గడ్డను కోసి నాటితే లేచేది బిడ్డ కాదు, ఆ ఒళ్లే. వందల ఏళ్లుగా కత్తికి తెగుతూ కూడా ముగియని ప్రాణిని తరాలుగా వండుకు తింటున్నామన్న సంగతి సుష్మిత వివరించినప్పుడు స్వరాజ్యానికి నచ్చలేదు. "సావు తెల్వని దాన్ని నమ్మొద్దు మేడం" అంది.

హిమాలయాల్లోని ఒక పల్లె నుంచి ఒక ముసలామె నల్లతొక్క గడ్డ పంపింది. ఆ రకంలో మిగిలింది అదొక్కటే. పని ముగిశాక మొక్కను తిరిగి పంపుతామని మాట ఇచ్చారు. సుష్మిత దాని అంచు నుంచి చిన్న ముక్క తీసి తొలి పరీక్ష చేసింది. పూర్తిగా చదవాలంటే ఆకు కావాలి. ఎండాకాలం, గడ్డ వడలుతోందని స్వరాజ్యం తడిగోనె కప్పింది. ఊళ్లో వరి విత్తనాలను తడిగోనెలో మండె కట్టిన చేయి అది. వడ్లను మొలిపించే తడి ఆ గడ్డను కుళ్లబెట్టి నీరు చేసింది.

ఎక్కడో కొండల్లో ఎవరి వంశమో తన చేతిలో తెగిపోయిందన్న భయానికి ఆమె ఎవరికీ చెప్పలేదు. కుళ్లును చేత్తో ఎత్తి చెత్తబండిలో వేసింది. అమీర్‌పేట మార్కెట్లో ఒక తెల్లతొక్క ఆలుగడ్డ కొని, కుండీలో కొత్త మట్టి పోసి నాటింది. నాటేటప్పుడు, ఆ కుళ్లు ఇంకా అంటుకొని ఉన్న బొటనగోరు తొక్కలో దిగబడింది.

మొలిచిన మొక్క ఆకునే సుష్మిత నల్లగడ్డదనుకొని చదివించింది. ఫలితం వచ్చిన రోజు నవ్వుతూ వచ్చింది.

"అక్కా, మస్తుగ వచ్చింది! అప్పటి ముక్క, గీ ఆకు, రెండూ ఒక్కటే. ఒక్క అక్షరం సుత తేడా లేదు."

స్వరాజ్యం కుండీ దగ్గరకు నడిచింది. "గా గడ్డ సచ్చిపోయింది మేడం. నేను మార్కెట్ల కొన్నది పెట్టిన."

"ఎండల తిరిగినవా ఏంది? మిషన్ అబద్ధమాడ్తదా?"

"మిషన్ కాదు, నేనాడిన."

కుండీ తిరగేశారు. తెల్లతొక్క, దాని మీద గోటి గాటు. మొలక ఆ గాటులోంచే లేచింది. చుట్టూ తొక్క నల్లబడుతోంది.

"శాంపిల్స్ ఏడనో కలిసినయి. మళ్లా చదివిపిస్త" అంది సుష్మిత. ఆ గొంతులో ఆమెకే నమ్మకం లేదు.

"ముందుగల్ల గా ముసలమ్మకు చెప్పాలె. తప్పు నాది" అని స్వరాజ్యం పట్టుబట్టింది.

సుష్మిత ఫోన్ కలిపి స్పీకర్‌లో పెట్టింది. స్వరాజ్యం తనకు వచ్చిన హైదరాబాదీ హిందీలో ఉన్నదున్నట్టు చెప్పింది. అవతల ముసలామె ఏడవలేదు, తిట్టలేదు.

"బదులుగా ఏం పెట్టావు బిడ్డా?"

"బజారు గడ్డ, అమ్మా."

"మంచిపని చేశావు. మా అత్త చేతిలోనూ ఒకసారి కుళ్లింది. దానికి ఒళ్లు ఒకటి దొరికితే చాలు." తర్వాత మెల్లగా అడిగింది. "దాని పక్కన ఇంకేమీ పెట్టలేదు కదా?"

ఆ కుండీ మొన్నటిదాకా ఉన్న చీకటి గదిలో కుండీలన్నీ ఒకదానికొకటి ఆనుకొని ఉన్నాయి. సుష్మిత చేయి చాచి ఫోన్ పెట్టేసింది.

స్వరాజ్యం గడ్డ మీద మట్టి సర్ది, దాన్ని విడిగా మిద్దె మీద ఉంచడానికి లేచింది. ఏ కుండీనైనా రొమ్ముకు ఆనించుకొని మోసే మనిషి, ఆనాడు చేతులు రెండూ చాచి, దాన్ని ఒంటికి దూరంగా పట్టుకొని మెట్లెక్కింది.