ఎవరికీ ఇవ్వని నాలుగొందల పదిహేడో గది

మా ల్యాబ్ సారు పోయిన సంగతి నాకు చెప్పింది ఆయన పనిని దొంగిలించిన మనిషే. పొద్దున్నే కాలేజీ గ్రూపులో మా హెచ్‌వోడీ మెసేజీ పెట్టాడు. మన విభాగానికి ఎంతో సహకరించిన పెద్దాయన ఇక లేరట, బుధవారం సెమినార్ హాల్లో సంతాప సభ అట. కింద చేతులు జోడించిన బొమ్మలు మూడు. ఫోను బల్ల మీద బోర్లా పెట్టి కాసేపు ఏడ్చాను. ఆ తర్వాత చాలాసేపు పళ్ళు కొరికాను. చదివేవాళ్ళకు ముందే చెప్తున్నా, నాకు ఆ కోపం ఇంకా తగ్గలేదు. తగ్గించుకునే ఉద్దేశం కూడా లేదు.

నేను గోదావరిఖని దగ్గర ఒక ప్రైవేటు ఇంజనీరింగ్ కాలేజీలో కంప్యూటర్ ల్యాబ్ అసిస్టెంటును. సారు బొగ్గుబాయి లాంప్ రూంలో క్లర్కుగా చేసి రిటైరైన మనిషి. బాయిలోకి దిగే ప్రతివాడికీ టోపీకి పెట్టుకునే దీపం ఇవ్వడం, పైకొచ్చాక తిరిగి తీసుకోవడం ఆయన పని. దీపాలిచ్చే కిటికీ వెనక కూర్చునే దూరవిద్యలో ఎంసీఏ చదివారు. పెన్షనొచ్చాక ఇంట్లో కాలు నిలవక, మా కాలేజీకి వారానికి మూడు రోజులు ల్యాబ్ చెప్పడానికి వచ్చేవారు. నేను అప్పుడు కీబోర్డులు తుడిచి, హాజరు వేసి ఇంటికెళ్ళేదాన్ని. అంతకుమించి నా నుంచి ఎవరూ ఏమీ అడగలేదు. ఆయన మొదటివారమే ఒక కుర్చీ లాగి, "కూసో బిడ్డా, తుడుసుడు తర్వాత. ఇది సదువు" అని స్క్రీను నా వైపు తిప్పారు.

ఆ స్క్రీను మీద ఉన్నది ఆయన సొంతంగా రాస్తున్న చిన్న హైపర్‌వైజర్. ఒకే కంప్యూటర్లో రెండు మూడు ఆపరేటింగ్ సిస్టమ్‌లు పక్కపక్కనే నడవాలంటే వాటి కింద కూర్చుని అందరినీ సముదాయించే ప్రోగ్రాం అది. పైన నడిచేవాటిని గెస్టులంటారు. ప్రతి గెస్టూ యంత్రం మొత్తం తనదే అనుకుంటుంది. పాపం, దానికి ఇచ్చింది కొన్ని గదుల మెమరీ మాత్రమే.

"బాయిల మూడు సెక్షన్లుంటయనుకో," అనేవారు సారు. "ముగ్గురు సర్దార్లు. ఎవనికి వాడు తన మనుషులను ఒకటి, రెండు, మూడు అని లెక్కవెట్టుకుంటడు. ముగ్గురికీ ఒకటో మనిషి ఉంటడు గదా? మరి లాంప్ రూంల ఒకటో దీపం ఒక్కటే ఉంటది. అందుకే నా దగ్గరొక పట్టీ ఉంటది. ఈ సర్దార్ ఒకటో మనిషికి ఏడొందల తొమ్మిది, ఆ సర్దార్ ఒకటో మనిషికి మున్నూట ఆరు. పట్టీ వాళ్ళకు చూపెట్టద్దు. చూపెడితే ఒకని దీపం ఒకడు గుంజుకుంటడు."

గెస్టు మెమరీ అంటే అంతే. గెస్టు తన ఒకటో గది అడుగుతుంది, యంత్రం హైపర్‌వైజర్ రాసిన పట్టీ చూసి అసలు గదికి తీసుకెళ్తుంది. పట్టీలో లేని గది అడిగితే గెస్టు అక్కడే ఆగిపోయి, హైపర్‌వైజర్‌కి కబురొస్తుంది. ఇవ్వాలా, తన్ని తరిమెయ్యాలా అన్నది దాని ఇష్టం. ఒకరి దగ్గర్నించి తీసుకున్న గదిని ఇంకొకరికి ఇచ్చేముందు మొత్తం సున్నాలతో తుడవాలి. ఈ తుడిచే పని ఒకసారి నేను మర్చిపోతే సారు కోప్పడలేదు. నా ఎదురుగానే, నేను తాగి పెట్టిన చాయ్ గ్లాసు కడగకుండా అందులోనే తన చాయ్ పోసుకుని తాగబోయారు. నేను గ్లాసు లాక్కున్నాను. మళ్ళీ ఎప్పుడూ మర్చిపోలేదు.

ఇంటరప్టుల పాఠం ఇంకా తమాషా. మధ్యాహ్నం ఓపెన్‌కాస్టు గనిలో బ్లాస్టింగుకు ముందు సైరన్ మోగుతుంది, ఆ తర్వాత కిటికీ అద్దాలు గలగలమంటాయి. సారు మాట మధ్యలో, ఒక్కోసారి పదం మధ్యలో, ఆగిపోయేవారు. అద్దాలు సర్దుకున్నాక ఆ పదంలో మిగిలిన సగం నుంచే మొదలుపెట్టేవారు. పిల్లలు నవ్వేవాళ్ళు. "నవ్వుతరేంది? ఇంటరప్టు అంటే గిదే. పని ఆపుడు, ఎక్కడ ఆపిన్నో యాదుంచుకునుడు, వచ్చినదాన్ని సూసుకునుడు, మల్ల ఆడికెల్లే షురూ చేసుడు" అనేవారు. బోర్డు మీద ముఖ్యమైనది రాస్తున్నప్పుడు ఎవరైనా డౌటు అడిగితే ఎడమచెయ్యి ఎత్తి ఆపి, బోర్డు మూలన వాళ్ళ రోల్ నంబరు గీసుకునేవారు. రాయడం అయ్యాక ఆ నంబర్లన్నీ వరసగా పిలిచి జవాబు చెప్పేవారు. హైపర్‌వైజర్ చేసేదీ అదే. గడియారం గంటైనా, కీబోర్డు నొక్కైనా ముందు తన దగ్గరికే వస్తుంది. ఎవరిదో చూస్తుంది. ఆ గెస్టు ఇప్పుడు వినే స్థితిలో లేకపోతే రాసి పెట్టుకుని, అది చెవులు తెరిచాక అందిస్తుంది. "ఆపచ్చు బిడ్డా, పోగొట్టద్దు" అనేవారు సారు. నేను ఈ మాటను ఆయన అనుకున్నదానికంటే ఎక్కువగా వాడుకున్నాను.

ఆయనకు ఆరేళ్ళు పట్టిన పని అది. పూర్తయిందని తెలిసిన వారమే హెచ్‌వోడీ ల్యాబుకొచ్చి, "డిపార్ట్‌మెంట్ రికార్డు కోసం ఒక కాపీ ఇవ్వండి సార్" అని పెన్‌డ్రైవులో పట్టుకుపోయాడు. మరుసటి ఏడాది ఆ హెచ్‌వోడీ పీహెచ్‌డీ గ్రంథం సమర్పించాడు. నేను గ్రంథం తెరిచి చూస్తే లోపల మా సారు ప్రోగ్రామే, వరస కూడా మార్చలేదు. వ్యాఖ్యలు మాత్రం తీసేశాడు, ఎందుకంటే అవి సారు తెలుగులో రాసుకున్నవి. నేను ఆ పుస్తకం పట్టుకుని సారు ఇంటికి పరుగెత్తాను. అప్పటికే ఊపిరితిత్తులు పాడై, రెండు మాటలకోసారి ఆగుతున్నారు.

"మాఫ్ చేసిండ్రా సార్?" అన్నాను, అరిచినట్టే.

"మాఫ్ చెయ్యలే. కొట్లాడ ఓపిక లేదు, గంతే. రెండిటికీ శానా ఫరక్ ఉంది, యాదుంచుకో."

యాదుంచుకున్నాను. సారు బతికుండగా కొట్లాడితే ఆ రొప్పుతో ఆయనే కాలేజీ మెట్లెక్కాల్సి వస్తుందని ఆగాను. ఆ ప్రోగ్రాం ఎవరిదో అందరి ముందూ తేలాలి, నాకు కావలసింది అదొక్కటే.

బుధవారం సభకు ప్రిన్సిపాల్ వచ్చాడు. సారుతో లాంప్ రూంలో కలిసి పనిచేసిన పెన్షనర్ ఒకాయన వచ్చి ముందు వరసలో కూర్చున్నాడు, మా వైపు అలాంటి పెద్దాయనను కాక అంటాం. హెచ్‌వోడీ రెండు నిమిషాలు సారు గురించి మాట్లాడి, "ఆయన ఆత్మశాంతికి మన విభాగం తయారుచేసిన హైపర్‌వైజర్ ప్రదర్శిస్తున్నాం" అన్నాడు. సంతాప సభలో కూడా ఆ మనిషికి తన దుకాణమే. తెర మీద మెమరీ పటం వచ్చింది. ఇచ్చిన గదులు ఆకుపచ్చ, ఖాళీవి తెలుపు, మధ్యలో ఒక్కటి నలుపు. నాలుగొందల పదిహేడు.

నేను లేచాను. "సార్, ఆ నాలుగొందల పదిహేడో నల్ల గది ఏ గెస్టుకూ ఎందుకివ్వరు?"

"అది హార్డ్‌వేర్‌కు రిజర్వు అమ్మా. గెస్టుకు ఇస్తే యంత్రం ఆగిపోతుంది." తడుముకోలేదు, గ్రంథంలో కూడా అలాగే రాశాడు.

అది అబద్ధమని నాకు తెలుసు. ఆ యంత్రంలో హార్డ్‌వేర్‌కు వదలాల్సిన గదులేవో సారే నాతో పట్టీ రాయించారు, అందులో ఈ గది లేదు. ఎందుకు వదిలారని ఒకసారి అడిగితే, "అది ఇయ్యద్దు" అని మాట మార్చారు. నాకు కారణం తెలియదు. ఈయనకు తెలియదని మాత్రం తెలుసు.

"అయితే ఇచ్చి చూద్దాం సార్. ఆగిపోతే నేను అందరి ముందూ తప్పు ఒప్పుకుంటా."

ప్రిన్సిపాల్ కుతూహలంగా తలూపాడు. నేను వేదికెక్కి, ఆ గదిని దాటేసే ఒక్క వాక్యం తీసేసి, మళ్ళీ నడిపించాను. నల్ల గది ఆకుపచ్చైంది. రెండో గెస్టు దాన్ని తీసుకుని హాయిగా పనిచేసుకుంటోంది. గడియారం గంటలు తప్పకుండా అందుతున్నాయి. ఏమీ ఆగలేదు. హాల్లో గుసగుసలు మొదలయ్యాయి. నాకు కడుపు చల్లబడింది, ఇన్నేళ్ళకు.

అప్పుడు ముందు వరసలోని కాక మెల్లగా లేచాడు. "ఎంత నంబరన్నవ్ బిడ్డా? నాలుగొందల పదిహేడా?"

"అవును కాక."

"అది మీ సారు వాళ్ళ నాయిన దీపం నంబరు. బాయిల పైకప్పు కూలి పోయిండు. మా లాంప్ రూంల ఒక రివాజుండె. దిగినోడు పైకి రాకుంటే, వాని నంబరు ఇంకెవలకూ ఇయ్యం. కంపెనీ రూలు గాదు, మా రివాజే. నాయిన నౌకరి కొడుక్కొచ్చింది. నౌకరి చేసినన్ని దినాలు ఆ దీపం తగిలించే కొక్కెం ఖాళీగనే ఉంచిండు. ఇప్పుడు ఎవలకిచ్చినవ్ బిడ్డా?"

సారు ఒక జీవితకాలం కాపాడిన ఖాళీని ఈ చేతులతోనే నేను ఇచ్చేశాను, అదీ ఆయన సంతాప సభలో. కన్నీళ్ళతోనే ఆ వాక్యం మళ్ళీ రాశాను. గది తిరిగి తీసుకుని, సున్నాలతో తుడిచి, నల్లగా చేశాను. తప్పు చేశానా అంటే చేశాను. హెచ్‌వోడీ మొహం చూశాక, అవసరమైతే మళ్ళీ చేస్తాననిపించింది. రెండూ నిజమే.

"సెంటిమెంట్లు వేరు, ఇంజనీరింగ్ వేరు," అన్నాడు హెచ్‌వోడీ.

"మీరు హార్డ్‌వేర్ అన్నారు కదా?" అన్నాడు ప్రిన్సిపాల్. మరునాడు హెచ్‌వోడీని పిలిచి, ఆ ప్రోగ్రాం రాసిందెవరో సంతకంతో కాగితం ఇవ్వమని, దాన్ని యూనివర్సిటీకి పంపుతానని చెప్పాడట.

మూడు రోజుల తర్వాత హెచ్‌వోడీ నన్ను తన గదికి పిలిచాడు. కాగితం ముందుంది. కొంత రాశాడు, మధ్యలో జాగా వదిలాడు. "అమ్మా, సార్ పూర్తి పేరు ఏంటి? ఇంటిపేరుతో సహా కావాలి." ఆరేళ్ళు పక్క గదిలో పాఠం చెప్పిన మనిషి. ఆయన ప్రోగ్రాంలో ప్రతి అక్షరం ఎత్తుకెళ్ళినవాడికి ఆయన పేరు పూర్తిగా తెలియదు. నాకు తెలుసు. చెప్పలేదు. ఇక్కడ కూడా అందుకే రాయడం లేదు.

"సారు ఇంటికెళ్ళి అమ్మను అడగండి సార్," అన్నాను.

కమాన్‌పూర్ దారిలో సారు కట్టుకున్న రెండు గదుల ఇల్లు. ఆ సాయంత్రం నేను ముందే వెళ్ళి అరుగు మీద కూర్చున్నాను. దాచుకోవడమెందుకు, చూడాలనే వెళ్ళాను. కారు ఆగింది. హెచ్‌వోడీ చెప్పులు విడిచి, కాగితం పట్టుకుని వాకిట్లో నిలబడ్డాడు. సారు భార్యను అమ్మ అంటాను నేను. ఆమె చాటలో గోకరకాయ, అంటే గోరుచిక్కుడు, తుంచుతోంది. కూర్చోమనలేదు.

"అమ్మా, పూర్తి పేరు కావాలండి."

"ఎవల పేరు?"

"సారు పేరు."

"ఏ సారు?"

ఆయన నావైపు చూశాడు. నేను గోకరకాయ వైపు చూశాను.

"ఆ ప్రోగ్రాం... హైపర్‌వైజర్ రాసిన సారు పేరండి."

అమ్మ ఇంకో కాయ తీసుకుని, తొడిమ తుంచి, నార లాగి, చాటలో వేసింది. "ఇనవడలే సారూ. మల్లొక్కసారి గట్టిగ చెప్పున్రి."

పక్కింటివాళ్ళు బయటికొచ్చి చూస్తున్నారు. ఆయన మళ్ళీ, ఈసారి గట్టిగా, చెప్పాడు. అమ్మకు చెవులు శుభ్రంగా వినపడతాయి. తల ఎత్తకుండానే ఇంకో కాయ తీసుకుంది.