పసుపు మరక దగ్గర ఆగే పాట

ఆషాఢం ముసురు మొదలైతే చాలు, మా ఇంట్లో బీరువాలన్నీ ఒకసారి తెరిచి గాలికి పెట్టడం నాకు అలవాటు. మొన్న అలా తెరిచినప్పుడు, కలరా ఉండల ఘాటులోంచి పాత అట్ట వాసన, దాని వెనకే మాగిన పసుపు వాసన గుప్పున తగిలాయి. అడుగు అరలో అక్క దాచుకున్న చిన్న రికార్డులు అలాగే ఉన్నాయి. చెయ్యి వాటిని తాకిందో లేదో, నా గుండె దడదడలాడి కళ్ళు కిటికీలోంచి సందు మలుపు వైపు పరిగెత్తాయి. నాయన పోయి ఏళ్ళయింది. అయినా ఆ దడ మాత్రం పోలేదు.

చిలకలగూడలో ఇప్పుడు మా ఫ్లాట్లున్న చోటే అప్పట్లో మా పెంకుటిల్లు ఉండేది. రోజంతా స్టేషన్ వైపు నుంచి ఇంజన్ల కూతలు, ఎదురింటి మటన్ మసాలా ఘుమఘుమలు, వానాకాలమైతే గోడల నుంచి సున్నం తడి వాసన, వీటన్నిటి మధ్య మేం పెరిగాం. మా సందు చివర డోరీన్ ఆంటీ ఉండేది. పూల గౌను వేసుకుని, వాకిట్లో కోళ్ళకు ఇంగ్లీషులో చీవాట్లు పెట్టేది. ఆమె తమ్ముడు ఇంగ్లండ్‌లో ఉండి, అక్కడి కుర్రకారు వినే రికార్డులు ఈమెకు పంపేవాడు. ఆమెకేమో ఆ గోల గిట్టదు. అందుకని ఒక పాత సూట్‌కేసు ప్లేయరుతో సహా అవన్నీ మా అక్కకు ఇచ్చేసేది. బదులుగా మా నాయనమ్మ చేసిన సకినాలు ఆమె ఇంటికి వెళ్ళేవి. అవి ఎందుకు వెళ్తున్నాయో నాయనమ్మకు తెలియదు.

అవి సింగిల్స్. అరచేతి కంటే కాస్త పెద్ద రికార్డులు, ముందువైపు ఒక పాట, వెనకవైపు ఒక పాట. అన్నీ ఒకే బ్యాండువి. ఆ సంగీతాన్ని గ్లామ్ మెటల్ అంటారని నాకు చాలాకాలం తర్వాత తెలిసింది. అప్పట్లో నాకు తెలిసిందల్లా అట్టల మీది బొమ్మలే. నలుగురు మగవాళ్ళు, నడుము దాకా విరబోసుకున్న జుట్టు, కళ్ళకు మందంగా కాటుక, పెదాలకు ఎర్రరంగు, చిరుతపులి మచ్చల ప్యాంట్లు. ఇంటర్ చదువుతున్న మా అక్క ఒక్కో అట్టనూ చున్నీతో తుడిచి, ఏ అట్టలో ఎవరు ఎటు నిలబడ్డారో పరీక్ష పాఠంలా నాకు అప్పజెప్పేది. ముందువైపు పాటలు అందరికీ, వెనకవైపు పాటలు మాత్రం వెతుక్కున్నవాళ్ళకే అనేది. ఒక దాని వెనకాల ఒక నెమ్మదైన పాట ఉండేది. కాసేపు గిటారు ఒక్కటే మోగి, తర్వాత ఆ ఎర్రపెదాల మనిషి ఏదో పోగొట్టుకున్నవాడిలా గొంతెత్తేవాడు. అక్కకు ఆ పాటంటే ప్రాణం.

రికార్డు మధ్యలో పెద్ద చిల్లు ఉండేది. దాంట్లో పెట్టాల్సిన ప్లాస్టిక్ బిళ్ళ ఆంటీ దగ్గరే పోయింది. అక్క తన తెగిపోయిన హవాయి చెప్పు కోసి, గుండ్రంగా బిళ్ళ చేసి పెట్టింది. అది అచ్చంగా సరిపోయింది. పాట వచ్చే చోట చెప్పు ముక్క పెట్టామని సరస్వతికి కోపం వస్తుందేమోనని నాకు ఒకటే బెంగ. పడుకునే ముందు అక్క తరఫున నేనే లెంపలేసుకునేదాన్ని.

అసలు భయం నాయనది. రైల్వే వర్క్‌షాపులో పని, మాట తక్కువ, పట్టు ఎక్కువ. ఒకసారి అట్ట ఒకటి ఆయన కంటపడింది. దాన్ని దూరంగా పట్టుకుని చూసి, "మొగోళ్ళకు మూతికి రంగేంది? ఇంకోపారి ఇంట్ల కనవడితే అన్నీ పాత సామాన్ల కబాడీకి ఏస్తా" అన్నాడు. ఆయన ఒకసారి అన్నాడంటే అన్నట్టే. అందుకే ఆయన డ్యూటీలో ఉన్నప్పుడే పాటలు. అక్క ప్లేయరు మీద తువ్వాలు కప్పేది, నేను కిటికీ దగ్గర నిలబడి సందు మలుపులో ఆయన సైకిల్ బెల్లు కోసం చెవులు రిక్కించేదాన్ని. ఊరంతా దద్దరిల్లేలా వినాల్సిన సంగీతాన్ని మేం గుసగుసగా విన్నాం. ఆ పాటల్లో సగం నేను వినలేదు, వినాల్సింది బెల్లు కదా.

ఆ ఏడు మా వైపు అమ్మవారి పండగ, లష్కర్ బోనాలకు ఇంకా కొన్ని రోజులుందనగా, మధ్యాహ్నం పూట సన్నగా వాన పడుతోంది. నాయనమ్మ అరుగు మీద కొత్త కుండకు పసుపు రాస్తోంది, పక్కనే వేపమండల మోపు. దూరంగా ఎక్కడో డప్పులు సాధన చేస్తున్నారు. లోపల అక్క ఆ నెమ్మది పాట పెట్టింది. పాట అంతసేపూ నెమ్మదిగా ఉండదు, మధ్యలో గిటార్లు విరుచుకుపడతాయి. అప్పుడే తలస్నానం చేసిన అక్క జుట్టు విరబోసుకుని, కళ్ళు మూసుకుని, ఆ బ్యాండువాళ్ళలాగే తల ముందుకీ వెనక్కీ విసురుతూ ఊగిపోతోంది.

సరిగ్గా అప్పుడు నాయనమ్మ తువ్వాలు కోసం లోపలికి వచ్చింది. చూసింది. చూస్తూనే ఆమె ముఖం మారిపోయింది.

"అమ్మో, బిడ్డ మీదికి అమ్మవారొచ్చింది!"

ఒక్క ఉదుటున వెళ్ళి పసుపునీళ్ళ చెంబు, వేపమండలు తెచ్చి అక్క మీద చిలకరించడం మొదలుపెట్టింది. అక్క మీద, ప్లేయరు మీద, రికార్డు మీద, చెప్పు ముక్క మీద. గిరగిరా తిరుగుతున్న రికార్డు మీద సూది పసుపు చుక్క దగ్గర చిక్కుకుని, పాటలోని ఒకే ముక్కను మళ్ళీ మళ్ళీ పలకసాగింది. గుమ్మంలో ఏదో కదిలినట్టై చూస్తే నాయన. సైకిల్ పంక్చరై, తడుస్తూ నడిచొచ్చాడు. బెల్లు ఎలా మోగుతుంది మరి? నేలంతా పరుచుకుని ఎర్రపెదాల అట్టలు.

"ఏం జూస్తున్నవ్ర? చెప్పులిడిచి దండం పెట్టు!" అని నాయనమ్మ గదిమింది.

నాయన చెప్పులు విడిచాడు. మా నాయన, ఆ మనిషి, తడి బట్టలతో చేతులు జోడించి నిలబడ్డాడు. నాయనమ్మ అక్క గడ్డం పట్టుకుని, "ఎందుకొచ్చినవ్ తల్లీ? ఏం గావాలె నీకు?" అంది.

అక్క ఊగడం ఆపింది. కళ్ళు తెరవలేదు. అప్పుడు అక్క, తనది కానట్టున్న గొంతుతో, "నా పాటలు ముట్టొద్దు" అంది.

"ముట్ట తల్లీ," అన్నాడు నాయన. "ముట్ట."

ఆ బోనాలు నాకు బోనాల్లా గడవలేదు. బెల్లం అన్నం గొంతు దిగలేదు, అమ్మవారి ముందు నడిచే పోతరాజు కొరడా ఝళిపించిన ప్రతిసారీ మా ఇంటి కోసమే వచ్చాడనిపించి నాయనమ్మ కొంగులో దూరాను. అక్క అబద్ధమాడి ఉంటే అమ్మవారు ఊరుకుంటుందా? అడిగితే అక్క కూడా భయంగానే చూసి, "ఏమోనే, నాకు సుత తెల్వది" అంది. నిజంగానే తనకు తెలియదనుకుంటాను.

నాయన మాత్రం మాట మీద నిలబడ్డాడు. ఇంటికి సున్నాలేసేటప్పుడు సామానంతా ఆయనే దించేవాడు, ఆ రికార్డుల కట్ట దగ్గరికి వచ్చేసరికి ఆగి, "బిడ్డా, నీయి నువ్వే తీసుకో" అనేవాడు. అక్క పాట పెడితే చెప్పులు విడిచి అరుగు మీద కూర్చునేవాడు. నమ్మాడో, నమ్మినట్టు ఉండిపోయాడో ఎప్పుడూ చెప్పలేదు.

ఇప్పుడు ఆ అరుగు లేదు, పెంకులు లేవు, డోరీన్ ఆంటీ ఇంటి చోట ఫోన్ల దుకాణం వెలిసింది. అక్క కార్ఖానా బస్తీలో కాపురం ఉంటోంది. ఆమెకు ఒక చెవి ఇప్పటికే సరిగా వినిపించదు, రెండోది కూడా మందగిస్తోందని డాక్టరు చెప్పినప్పటి నుంచి నాకు నిద్ర సరిగా పట్టడం లేదు. వినికిడి ఉండగానే ఆ పాట పూర్తిగా వినిపించాలని ప్లేయరు బాగుచేయించాను. ముందువైపు పాట ఫోన్‌లో దొరికింది కానీ, వెనకవైపుది ఎంత వెతికినా దొరకలేదు. ఆ పసుపు మరక కడిగేస్తే పాట ముందుకు పోతుందని మెకానిక్ అన్నాడు. తడి గుడ్డ చేతిలో పట్టుకుని కూడా ధైర్యం చాలక అక్కకు ఫోన్ చేశాను.

"మరక తుడవమంటవా అక్కా?"

"గట్టిగ చెప్పవే, ఇనవడ్తలేదు."

మళ్ళీ గట్టిగా అడిగాను.

"వద్దు," అంది. "నాయన నిలబడి ఇన్నది గంతే. నాకు సుత గంతే చాలు."

ఫోన్ అవతల ఆమెకు ఎంత వినిపించిందో గానీ, రికార్డు పెట్టి తువ్వాలు లేకుండా, ప్లేయరు సౌండు పూర్తిగా పెంచాను. గిటారు మోగింది, అతను గొంతెత్తాడు, మరక దగ్గరికి వచ్చి సూది చిక్కుకుంది. అదే ముక్క, మళ్ళీ మళ్ళీ. నేను కిటికీ దగ్గరికి వెళ్ళి సందు మలుపు వైపు చూస్తూ నిలబడ్డాను. చిన్నతనమంతా మోగకూడదని భయపడిన ఆ బెల్లు, ఇప్పుడు ఒక్కసారి మోగితే బాగుండని ఏడుపొచ్చింది.